హంతకుడి పశ్చాత్తాపానికి చిట్టి గొంతు

"బయటికి రావే!"

అమ్మ బీరువా తలుపు పట్టుకుని ఒక్క గుంజు గుంజింది. లోపల, వేలాడుతున్న బట్టల మధ్య ముడుచుకు కూర్చుని ఉంది చిట్టి. ఒళ్ళో పుస్తకం, చేతిలో టార్చిలైటు. సాయంత్రపు వెలుతురు ఒక్కసారిగా మీద పడేసరికి కళ్ళు చిట్లించింది.

"ఇప్పుడేమన్నావు? మళ్ళీ అను."

"అమ్మా, అదీ..."

"మళ్ళీ అనమంటున్నానా!"

దాచడానికి ఇంకేమీ మిగల్లేదు. చిట్టి పుస్తకంలోంచి వేలు తియ్యకుండానే అంది.

"'వాడి తల నేలకు వాలేదాకా చూశాను. తర్వాత చేతులు కడుక్కున్నాను. నీళ్ళు చల్లగా ఉన్నాయి.'"

చెంప ఛెళ్ళుమంది. ముప్పై దాటిన కూతురి మీద అమ్మ చెయ్యి చేసుకుని ఎన్నేళ్ళయిందో ఇద్దరికీ గుర్తులేదు. చప్పుడు విని వదిన వంటింట్లోంచి వచ్చి, గడప మీదే నిలబడిపోయింది.

చిట్టి పని పుస్తకాలు చదివి వినిపించడం. స్టూడియోలో మైకు ముందు కూర్చుని నవలలు రికార్డు చేస్తుంది. చూపు లేనివాళ్ళు, తీరిక లేనివాళ్ళు, నిద్ర పట్టనివాళ్ళు వింటారు. ఇంట్లో సాధనకి బీరువాను మించిన చోటు లేదు. బట్టలు చప్పుడును మింగేస్తాయి. ఇన్నాళ్ళూ ఆ బీరువాలోంచి రాజులు అరిచారు, పసిపిల్లలు నవ్వారు, దెయ్యాలు మూలిగాయి. "మా బీరువాకి నోరుందమ్మా" అని అమ్మే ఇరుగుపొరుగుకి చెప్పి నవ్వేది.

ఈ రోజు ఆ బీరువా అమ్మ కొడుకుని చంపింది.

"ఎవడి పుస్తకమే అది?"

"నీకు తెలుసు."

"నీ నోటితో చెప్పు."

"వాడిదే."

అమ్మ మంచం అంచున కూలబడింది. బడిపిల్లల చొక్కాలకు కాజాలు కుడుతూ మధ్యలో లేచొచ్చినట్టుంది, భుజం దగ్గర గుచ్చుకున్న సూదికి దారం ఇంకా వేలాడుతూనే ఉంది.

"నీ తోడబుట్టినవాణ్ణి వెనకనుంచి పానాతో కొట్టి చంపాడు. వాడి రాత చదివితే గానీ నీ నోట్లోకి ముద్ద దిగదా?"

"కూటి కోసం కాదమ్మా."

"మరి పేరు కోసమా? 'హంతకుడి కథ చదివిన చెల్లెలు' అని బొమ్మ వేస్తారా పేపర్లో?"

"చెల్లెలినని అక్కడెవరికీ తెలీదు. స్టూడియోలో నన్ను గొంతమ్మ అంటారు. అంతకుమించి ఎవరూ అడగరు."

వదిన దగ్గరికొచ్చి చిట్టి భుజం పట్టుకుంది. "నీకు అంటగట్టారా దీన్ని? రేపే ఫోన్ చేసి కుదరదని చెప్పెయ్."

"అంటగట్టలేదు వదినా. నేనే అడిగి తీసుకున్నా."

వదిన చిట్టి భుజం మీంచి చెయ్యి తీసేసింది.

అన్నయ్య, వాడు కలిసి మోటారు సైకిళ్ళ షెడ్డు నడిపేవాళ్ళు. ఒకే టిఫిన్ డబ్బా, ఒకే తాళంచెవి. ఒక మిట్టమధ్యాహ్నం అన్నయ్య ఇంజను మీద వంగి ఉండగా వాడి చేతిలో పానా లేచింది. కోర్టు యావజ్జీవం వేసింది. జైల్లో వాడు కలం పట్టాడు. నవల రాశాడు. చదివినవాళ్ళు చదివినట్టు ఏడ్చారు. బహుమతి ఇచ్చారు. రచయితలు, ప్రొఫెసర్లు ఒక్కటై, మారిన మనిషిని బంధించడం న్యాయం కాదన్నారు. గడువు తీరకుండానే గేటు తెరుచుకుంది. వాడిప్పుడు రచయితగారు.

"ఆ పుస్తకంలో అన్నయ్య ఎంత ఉన్నాడో తెలుసా అమ్మా? మొదటి అధ్యాయంలో చచ్చిపోతాడు. ఇక అక్కణ్ణించి అంతా వాడి గోలే. వాడి నిద్ర, వాడి కలలు, వాడి కన్నీళ్ళు. చివరికొచ్చేసరికి, పాపం, చచ్చినవాడికంటే చంపినవాడే ఎక్కువ నష్టపోయాడనిపిస్తుంది."

"చచ్చినవాడు పుస్తకం రాయలేడు కదే."

"అందుకే నేను చదువుతున్నా."

అమ్మ తలెత్తింది.

చిట్టి బీరువాలోంచి బయటికొచ్చి, నేల మీద బాసింపట్టు వేసుకుని, చివరి అధ్యాయం తీసింది. "వినండి. ఇది వాడు కోరుకునే చదువు."

చదివింది.

"'ఆ రోజు నేను చంపింది మనిషిని కాదు. నన్ను అన్నా అని పిలిచిన పిలుపును. ప్రతి ఉదయం ఆ పిలుపు నన్ను నిద్రలేపుతుంది. నేను పలకను. పలికే అర్హత నాకు లేదు.'"

వదిన కళ్ళు తుడుచుకుంది. అమ్మ గోడ వైపు తిరిగి, "చాలు, ఆపు" అంది.

"ఇప్పుడు ఇది నా చదువు. ఒక్క అక్షరం మార్చను."

మార్చలేదు. 'కాదు' అనే మాటకు ముందు సన్నగా ఆగింది, జనం ఇటే చూస్తున్నారా అని చూసుకునేవాడిలా. 'అన్నా' అనే పిలుపును రవ్వంత సాగదీసింది. 'అర్హత' ముందు ఒక నిండు ఊపిరి పీల్చింది. నిజంగా ఏడుస్తున్నవాడికి ఊపిరి ఆడదు. నిండా పీల్చుకునేవాడు ఏడవడానికి సిద్ధమవుతున్నాడన్నమాట. అవే మాటలు. కానీ ఈసారి గదిలో ఒక వేషగాడు నిలబడి, అద్దంలో తన కన్నీళ్ళు సరిచూసుకుంటున్నాడు.

"ఇంకోసారి," అంది అమ్మ.

చిట్టి ఇంకోసారి చదివింది.

అమ్మ పెదవి ఒక పక్కకి కదిలింది. ఆ ఇంట్లో ఆ నవ్వు కనబడి చాలా కాలమైంది. "చంపేశావే! వాడి మాటలతోనే వాణ్ణి చంపేశావు! విన్నవాడెవడైనా పుస్తకం మీద ఉమ్మేస్తాడు."

"అదే నాక్కావాల్సింది. జైలు వాడికి పేరు తెచ్చింది. నా చదువు ఆ పేరు తీసేస్తుంది."

"మరి వాడు వింటే?"

"వినాలి. మా దగ్గర పద్ధతే అది. మొదటి రోజు రచయిత వచ్చి కూర్చుంటాడు, విని, సరే అంటాడు. ఒకసారి సరే అన్నాక ఇక ఆ గొంతు మార్చడానికి లేదు. వాడూ రేపే వస్తున్నాడు."

"పట్టేసుకుంటాడేమోనే."

"ఎవడి రాత వాడికి ముద్దు. తన కన్నీళ్ళు పులిసిపోయాయని ఎవడికి తెలుస్తుంది?"

అమ్మ సూది భుజం మీంచి తీసి, దారం చుట్టి, మళ్ళీ అక్కడే గుచ్చుకుంది. "రేపు ఎన్నింటికి వదులుతారు మిమ్మల్ని?"

"భోజనాల వేళకి అయిపోతుంది."

"ఊఁ," అంది అమ్మ.

చిట్టి చదివినప్పట్నుంచీ వదిన నోరెత్తలేదు. ఇప్పుడు ఎత్తింది.

"అత్తయ్యా, ఇది తప్పు."

"ఏది తప్పు?"

"వాడికి కోర్టు శిక్ష వేసింది. అనుభవించాడు."

"సగం అనుభవించాడు! మిగతా సగం పుస్తకాలవాళ్ళు మాఫీ చేశారు."

"ఆ సగం వెయ్యడానికి మనమెవరం?"

"మనం కాకపోతే ఇంకెవరమ్మా? పోయినవాడు జడ్జిగారి కడుపున పుట్టాడా? నా కడుపున పుట్టాడు."

"అయితే రేపు వాడి తల్లి వస్తుంది మన మీదికి. ఎల్లుండి మనం. దీనికి అంతెక్కడ?"

"వాడికి తల్లి లేదు. పీడా పోయింది."

"అత్తయ్యా!"

"ఏం, నీకు లేదా మంట? పోయింది నీ మొగుడే కదా?"

వదిన అత్తగారి ముఖంలోకి చూసింది. అరవలేదు.

"పోయింది నా మొగుడని ఈ ఇంట్లో మీకు అప్పుడప్పుడు గుర్తొస్తుంటుంది అత్తయ్యా. నాకు రోజూ గుర్తే. నాకూ మంట ఉంది. కానీ దానికి పూటపూటా పాలు పోసి పెంచలేదు. పెంచితే పెద్దదవుతుంది. పెద్దదయ్యాక ఎవర్ని కరుస్తుందో దానికే తెలీదు."

"నీతులు వినడానికి బాగానే ఉంటాయి. అవి కూడా చిట్టి చేత చదివించు, జనం కొనుక్కుంటారు."

వదిన వంటింట్లోకి వెళ్ళిపోయింది. కుళాయి తిప్పిన చప్పుడు వచ్చింది. గిన్నెలు తోమిన చప్పుడు మాత్రం రాలేదు.

*

స్టూడియో ఒక ఫర్నిచర్ కొట్టు పైఅంతస్తులో ఉంది. గోడలకు స్పాంజి పలకలు, నేల మీద మందపాటి తివాచీ, కిర్రుమనని కుర్చీ. అక్కడ గాజులకు, గడియారాలకు ప్రవేశం లేదు. ఫోన్లు ఆపేసి బయట బుట్టలో పడెయ్యాలి. అద్దం అవతల కూర్చుని రికార్డు చేసే పెద్దాయన్ని అందరూ చెవులాయన అంటారు. పక్కవీధిలో పిల్లి తుమ్మినా ఆయనకి వినిపిస్తుంది.

"ఏమైనా తిన్నావా గొంతమ్మా? ఖాళీ కడుపుతో కూర్చోకు. నీ కడుపు నీకంటే స్పష్టంగా చదువుతుంది."

"తిన్నాను బాబాయ్."

"అయితే పిలుస్తున్నా రచయితగారిని."

చిట్టి ఒక రాక్షసుడి కోసం సిద్ధపడి కూర్చుంది. వచ్చినవాడు పొట్టిగా, ఇస్త్రీ చొక్కాలో, బ్యాంకులో పని మీద వచ్చినవాడిలా ఉన్నాడు. ఎవరూ చెప్పకుండానే చెప్పులు గుమ్మం బయట విడిచాడు. షెడ్డు నడిచిన రోజుల్లోనూ, విచారణ జరిగినప్పుడూ ఆమె ఎక్కడో దూరాన హాస్టల్లో ఉంది. వాడి ముఖం ఆమె పేపర్లోనే చూసింది. వాడు ఆమెను ఎప్పుడూ చూడలేదు.

"నేను లోపలే కూర్చోవచ్చా? అద్దం వెనకనుంచి వింటే ఎవరో దూరపువాళ్ళది విన్నట్టుంటుంది," అన్నాడు.

చిట్టి మూలనున్న కుర్చీ చూపించింది.

"ముందు గది నిశ్శబ్దం తీసుకుందాం. ఎవరూ కదలకండి," అన్నాడు చెవులాయన, అవతలి నుంచి.

ప్రతి గదికీ తనదైన నిశ్శబ్దం ఉంటుంది. మాటకీ మాటకీ మధ్య తర్వాత అతకడానికి కాసేపు దాన్ని వట్టిదే రికార్డు చేస్తారు. గదిలో ఎవరుంటే వాళ్ళ ఊపిరి కూడా అందులో కలిసిపోతుంది. రోజూ చేసే పనే. కానీ ఈ రోజు ఆ నిశ్శబ్దంలో ఆమె, వాడు ఉన్నారు. ఆమె ఎదురుగా వాడి చేతులు మోకాళ్ళ మీద బోర్లా పెట్టి ఉన్నాయి. పొట్టి వేళ్ళు. కత్తిరించిన గోళ్ళు. పానా పట్టిన చేతులు. ఆమె ఊపిరి ఒకటి వెళితే వాడి ఊపిరి ఒకటి వస్తోంది, చెరో వైపు రంపం లాగుతున్నవాళ్ళలాగా.

"అయింది," అన్నాడు చెవులాయన. "ఎంత గట్టి నిశ్శబ్దమో! ఇలాంటిది నాకెప్పుడూ దొరకలేదు."

చిట్టి మొదటి అధ్యాయం చదివింది. హత్య అధ్యాయం. ఎక్కడా తొణక్కుండా చదివింది. నీళ్ళు చల్లగా ఉన్నాయన్న చోట కూడా.

వాడు తల ఊపాడు. "ఇప్పుడు చివరిది చదవండి."

"మామూలుగా ఒక అధ్యాయమే..."

"ఆ చివరిదే కావాలి నాకు."

చిట్టి పేజీ తిప్పింది. నిన్న పదును పెట్టినదంతా గొంతులోకి తెచ్చుకుంది. ఆగాల్సిన చోట ఆగింది. సాగదియ్యాల్సిన పిలుపును సాగదీసింది. 'అర్హత' ముందు నిండా ఊపిరి పీల్చింది. పేజీ నిండా ఉన్న కన్నీళ్ళను ఒక్కొక్కటే తీసి, రంగునీళ్ళని చూపించి, కింద పారబోసింది.

అద్దం అవతల చెవులాయన ముఖం చిట్లించాడు. "గొంతమ్మా, ఏదో తేడా కొడుతోంది. వెటకారంలా వినబడుతోంది. ఇంకో టేకు చేద్దాం."

"వద్దు," అన్నాడు రచయిత.

వాడి కళ్ళు మూసుకుని ఉన్నాయి.

"అదే ఉంచండి. ఇంతే బాగా చదవాలి, మొత్తం. నాకు సమ్మతమే."

"సరే, మీ ఇష్టం, మీ పుస్తకం," అని గొణుక్కుంటూ చెవులాయన టీ కోసం కిందికి దిగాడు.

గెలిచానని చిట్టికి అనిపించాలి. అనిపించలేదు. మెడ మీద కత్తి పెడితే, క్షౌరం చేయించుకుంటున్నవాడిలా కళ్ళు మూసుకున్నాడు వీడు!

"బహుమతి ఇచ్చినాయన స్టేజీ మీదే ఏడ్చాడు," అన్నాడు వాడు, నెమ్మదిగా. "ప్రొఫెసరుగారు నా చేతులు పట్టుకుని ఏడ్చాడు. నన్ను చూసి హత్య తప్పని తెలుసుకున్నానని ఒకాయన అన్నాడు. అంతకుముందు ఆయనకి తెలీదు కాబోలు. అసలు సంగతి పట్టుకున్నది మీరొక్కరే."

"ఏం సంగతి?"

"నేనెప్పుడూ ఏడవలేదు."

చిట్టి పుస్తకం మూసింది.

"ఆవేశంలో చేశానని రాశాను. కాదు. ఆ వారమే మా షెడ్డుకి కొత్త బోర్డు పెట్టాడు మీ... మా నేస్తం. తన పేరొక్కటే రాయించాడు. 'నీకెందుకురా పేరు, రెంచీలు అందించేవాడివి' అని కస్టమర్ల ముందు నవ్వాడు. నేను నాలుగు రోజులు ఆలోచించుకుని కొట్టాను. పశ్చాత్తాపం ఎలా ఉంటుందో నాకు తెలీదు. నేర్చుకోవాల్సొచ్చింది."

"ఎవరు నేర్పారు?"

వాడు కళ్ళు తెరిచి ఆమెను నేరుగా చూశాడు.

"మీ గొంతు అచ్చం ఆవిడదే. మీ అమ్మగారిది."

చిట్టి కుర్చీలోంచి లేచింది.

"నెలనెలా జైలుకి, ములాఖత్‌కి వచ్చేవారు. మీ ఇంట్లో తెలీదా? కుట్టిన చొక్కాలు ఇచ్చొస్తానని చెప్పి వచ్చేదాన్నని ఆవిడే అన్నారు. నేను రాసింది జాలీ అవతల నిలబడి చదివి వినిపించేవాణ్ణి. 'ఇక్కడ ఏడుపు చాల్లేదు. ఇక్కడ మరీ ఎక్కువైంది, ఎవడూ నమ్మడు. తల్లి గురించి ఒక ముక్క రాయి, జనం కరిగిపోతారు' అనేవారు. రచయితలు అడిగితే జైలువాళ్ళు వదులుతారా అమ్మా! చచ్చినవాడి తరఫువాళ్ళు అభ్యంతరం లేదంటేనే వదులుతారు. మీ అమ్మగారు వచ్చి, అధికారుల ముందు, 'క్షమించాను, వదిలెయ్యండి' అన్నారు."

"అబద్ధం."

"నిన్న సాయంత్రం కూడా ఫోన్ చేశారు. 'చదివేది మా అమ్మాయే, బాగా చదువుతుంది. విను, విని అట్నుంచి అటే మా ఇంటికి భోజనానికి రా' అన్నారు."

జైల్లో ఉన్నన్నాళ్ళూ వాడి చుట్టూ గోడలున్నాయి, కాపలా ఉంది. అమ్మ వాణ్ణి ముట్టుకోలేకపోయింది. అందుకే ఏడవడం నేర్పింది. ఒక్కొక్క పేజీ పేర్చి, ఆ పేజీల మీద నడిపించి, వాణ్ణి గోడ ఇవతలికి తెచ్చుకుంది.

భోజనానికి ఎందుకు పిలిచిందో చిట్టికి ఎవరూ విడమరిచి చెప్పనక్కర్లేదు.

వాడు లేచాడు. గుమ్మం దగ్గర చెప్పులు తొడుక్కుంటూ, "వెళ్ళమంటారా?" అన్నాడు.

ఒక్క మాట చాలు. వద్దంటే ఆగిపోతాడేమో.

"వెళ్ళండి," అంది చిట్టి. "అమ్మ ఎదురుచూస్తూ ఉంటుంది."

ఆ మాట ఎంత మెత్తగా, ఎంత ఆప్యాయంగా వచ్చిందో! జీవితంలో అంత బాగా ఆమె ఏ వాక్యమూ చదవలేదు. వాడి అడుగులు మెట్ల మీద దిగిపోతుంటే, ఆమెకు భయం వెయ్యలేదు. హాయిగా ఉంది. ఆ హాయికే కాస్త భయం వేసింది.

బుట్టలోంచి ఫోన్ తీసి ఆన్ చేసిందో లేదో, మోగింది.

"ఎక్కడున్నావే! పొద్దుట్నుంచీ చేస్తున్నా!" వదిన గొంతు వగరుస్తోంది. "అత్తయ్య నన్ను దారాల కొట్టుకి పంపించింది. తిరిగొచ్చేసరికి తలుపుకి లోపల గడియ. గుమ్మం బయట చెత్తబుట్టలో ఎలుకల మందు డబ్బా, చిట్టీ, ఖాళీది! కిటికీలోంచి చూస్తే బల్ల మీద కంచాలు పెట్టుకుని కూర్చుంది."

"తెలుసు వదినా. నువ్వు దూరంగా వెళ్ళిపో. పార్కులో కూర్చో. ఏం చూడలేదనుకో."

"నీకు తెలుసా? తెలిసే..." వదిన మాట తెగిపోయి మళ్ళీ అతుక్కుంది. "కంచాలే! రెండు కంచాలు చిట్టీ! ఎవరికి అత్తయ్యా అంటే, 'చుట్టానికీ, నాకూ' అంది!"

"రెండా?" అంది చిట్టి.

"వినబడుతోందా? అన్నీ ఒకే గిన్నెలో వండింది. తనకి వేరే ఏమీ లేదు!"

"తలుపు బద్దలు కొట్టించు! పక్కవాళ్ళని పిలువు!"

"పిలుస్తానన్నాను. తలుపు మీద చెయ్యి పడితే ఆ క్షణమే తినేస్తానంది. చుట్టం వచ్చి పిలిస్తేనే గడియ తీస్తుందట. పోలీసులకి చెప్పనా?"

"వద్దు! వద్దు వదినా, నేనొస్తున్నా. మాట్లాడుతూ ఉండు అమ్మతో. తిట్టు. దెబ్బలాడు. నీతో దెబ్బలాటంటే అమ్మ అన్నం కూడా మర్చిపోతుంది!"

మెట్లు ఎలా దిగిందో తెలీదు. కింద ఫర్నిచర్ కొట్టు ముందు ట్యాక్సీ ఆగి ఉంది. వాడు వెనక సీట్లో కూర్చుని తలుపు లాక్కోబోతున్నాడు. చిట్టి ఆ తలుపు పట్టుకుంది.

"వెళ్ళకండి."

"ఇందాక వెళ్ళమన్నారే."

"అమ్మకి ఒంట్లో బాగాలేదట. ఇంకో రోజు..."

వాడు ఆమె ముఖంలోకి చూశాడు. తర్వాత, స్టూడియోలో చివరి అధ్యాయం వింటున్నప్పటిలాగే, ప్రశాంతంగా అడిగాడు.

"ఏం కలిపింది అన్నంలో?"

చిట్టి తలుపు వదలకుండా వాడికేసి చూసింది.

"అలా చూస్తారేం? ఏడవడం నాకు నేర్పిందే ఆవిడ. గురువు దొంగేడుపు శిష్యుడికి తెలీదా? క్షమించానని జైలర్ ముందు అన్నప్పుడే అనుకున్నాను, ఈవిడ నన్ను బయటికి రమ్మంటోంది ఇంటికి పిలవడానికేనని."

"మరి తెలిసీ ఎందుకు వెళ్తున్నావు?"

మీరు కాస్తా నువ్వు అయిపోయింది. వాడు గమనించినట్టు లేడు.

"మీరు ముందు తినండి పెద్దమ్మా, నాకు భయం అంటాను. తింటుంది. అంత పట్టుదల ఉంది ఆవిడకి. నేను తినను. చూస్తాను." చొక్కా మడత సరిచేసుకున్నాడు. "కోర్టులో నా మీద సాక్ష్యం చెప్పి, బోను దిగుతూ ఆవిడ నా ముఖం మీద ఉమ్మింది. అది నేను పుస్తకంలో రాయలేదు. పిలిస్తే వెళ్ళాను, పెడితే తినలేదు. ఇందులో నా నేరం ఏముందో ఏ జడ్జినైనా చెప్పమనండి."

"నేను చెప్తాను. నీకు తెలిసే వెళ్ళావని."

"చెప్పండి. అప్పుడు మీ అమ్మ విషం కలిపిందని కూడా చెప్పాలి కదా."

డ్రైవరు వెనక్కి తిరిగాడు. "ఏమండీ, బయల్దేరమంటారా, వద్దంటారా? వెనక బండ్లు ఆగిపోయాయి."

వీడు వెళ్ళకపోతే తలుపు తెరుచుకోదు. చుట్టం రాడని తెలిసిన క్షణం, ఇంత కష్టపడి వండుకున్నది అమ్మ ఒక్కతే తింటుంది. వీడు వెళితే, వీడి ముందు తింటుంది. చిట్టి ఒక్కసారి కళ్ళు మూసుకుంది. గడియ తియ్యడానికి వాడి గొంతు కావాలి. గడియ తీశాక, గుమ్మం దాటేది మాత్రం వాడు మొదట కాకూడదు.

తలుపు పూర్తిగా తెరిచి, చిట్టి లోపలికి ఎక్కింది. తన అన్నను చంపినవాడు జరిగి చోటిచ్చాడు.

"ఇద్దరూ ఒక చోటికేనా?" అన్నాడు డ్రైవరు.

"ఒక చోటికే," అంది చిట్టి. "త్వరగా పోనీ బాబూ."

ట్యాక్సీ కదిలింది. వాడు పక్కకి తిరిగి, సరదాగా అన్నట్టు అడిగాడు. "మీరు కూడా చూడ్డానికొస్తున్నారా?"

చిట్టి రోడ్డు వైపే చూస్తూ జవాబిచ్చింది. గొంతులో వెటకారం లేదు, కన్నీళ్ళూ లేవు. ఉన్నది ఉన్నట్టు చదివినట్టుగా ఉంది.

"కాదు. అమ్మ ఈ రోజు తినదు. వడ్డించేది నేను."

వాడి చెయ్యి మెల్లగా, చప్పుడు లేకుండా, కారు తలుపు తెరిచే గడియ వైపు జరిగింది.